"మీ ఇష్టం సార్" అంటే ఒప్పుకున్నట్టేనా? విద్యార్థులతో కలిసి చేసిన పని ఎవరిది?

సుద్దముక్క
నేను గైడు వైపు మనిషిని. తిట్టేవాళ్లు తిట్టండి, కాకపోతే చివరిదాకా చదివి తిట్టండి.

రెండేళ్ల కిందట నలుగురు మాస్టర్స్ విద్యార్థులతో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాను. పాత చేతిరాత కాగితాల స్కాన్లలోంచి అక్షరాలు గుర్తుపట్టే ప్రోగ్రాము. ఆలోచన నాది, గ్రాంటు తెచ్చింది నేను. ఏ గీతని ఏ అక్షరం కింద లెక్కేయాలో 30 పేజీల నియమాలు రాసింది ఒకమ్మాయి. కాగితాలున్న ఇళ్లకి వెళ్లి స్కాన్లు తెచ్చింది కూడా తనే. సగంలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. కోడ్ మొత్తం ఒకబ్బాయి రాశాడు. మిగతా ఇద్దరూ కూర్చుని 12,000 చిత్రాలకి లేబుల్స్ పెట్టారు.

ఇప్పుడు పేపరు తయారైంది. ఒక కంపెనీ డేటాసెట్ కొంటామంటోంది. పేర్ల వరస ఎలా పెడదాం, డేటా అమ్మేద్దామా అని ఉన్న ముగ్గుర్నీ కూర్చోబెట్టి అడిగాను. ముగ్గురిదీ ఒకటే మాట: "మీ ఇష్టం సార్."

అప్పటికి సంతోషించాను. రాత్రి పడుకున్నాక తట్టింది. వాళ్లలో ఇద్దరికి నేను రెకమండేషన్ లెటర్లు రాయాలి. మూడో అతని థీసిస్‌కి మార్కులు వేసేది నేనే. వాళ్లు ఇంకేమంటారు? "అడిగావు, ఒప్పుకున్నారు, ఇంకేం కావాలి" అన్నాడు నా కొలీగ్. జవాబు తోచలేదు.

రెండో_రివ్యూయర్
ప్రశ్న బాగుంది. కానీ రచయిత నా పాత పోస్టులు నాలుగింటిని ఎక్కడా ఉదహరించలేదు. మేజర్ రివిజన్.

మూడోపేరు
అడిగారు, అక్కడికే మీరు మేలు సార్. నా థీసిస్ రెండో అధ్యాయం పేపరుగా అచ్చయిందని నాకు తెలిసింది వేరే పని మీద నెట్‌లో వెతుకుతుంటే. మొదటి పేరు గైడుగారిది. మూడోది నాది. రెండో పేరు ఎవరిదో నాకు అస్సలు తెలీదు. ఏడాది తర్వాత ఒక కాన్ఫరెన్సులో ఆ రెండో ఆయన ఎదురుపడి "మన పేపరు బాగా వచ్చింది కదమ్మా" అన్నాడు. నవ్వాను. ఇంకేం చెయ్యను?

థీసిస్_ఏడో_ఏడు
@మూడోపేరు "మన" అన్నాడు చూడండి, అదీ సంస్కారం. మావాడు "నా" అంటాడు.

లెక్కలపంతులు
మా గణితంలో ఈ గొడవే లేదు. పేర్లు అక్షరక్రమంలో పెడతాం, అయిపోయింది. ఎవరు ఎంత చేశారని కొలవడం మొదలుపెడితే స్నేహాలు మిగలవు.

మూడోపేరు
@లెక్కలపంతులు గొడవ లేకపోవడం కాదండీ, గుమ్మం దగ్గరికి జరిగింది. లోపలికొస్తే అందరూ సమానం, రాకపోతే కింద కృతజ్ఞతల్లో చిన్నక్షరాలు. ఎవరు లోపల, ఎవరు బయట అని తేల్చేది ఎవరు?

లెక్కలపంతులు
...అది నిజమే. మా ఆవిడ కూడా ఇదే అంది, ఆవిడ పేరు కృతజ్ఞతల్లో ఉంది.

వార్డుడాక్టరు
వైద్య పత్రికల పద్ధతి చెప్తాను, పనికొస్తుందేమో చూడండి. 1978లో వాంకూవర్‌లో కొందరు ఎడిటర్లు కూర్చుని మొదలుపెట్టిన గుంపు ఇప్పుడు ఐసీఎంజేఈ. రచయిత అనిపించుకోవాలంటే వాళ్లు నాలుగు షరతులు పెట్టారు. పని రూపకల్పనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పాలు ఉండాలి. రాయడమో, గట్టిగా దిద్దడమో చేసి ఉండాలి. చివరి ప్రతికి సరే అనాలి. రేపు తప్పు బయటపడితే జవాబు చెప్పుకోవాలి. నాలుగూ ఉండాలి, ఒకటి ఉంటే చాలదు. గ్రాంటు తెచ్చాను, పైనుంచి చూసుకున్నాను అన్నవాటికి మాత్రమే పేరు రాదని కూడా అందులోనే ఉంది.

సుద్దముక్క గారూ, వెళ్లిపోయిన అమ్మాయి విషయం జాగ్రత్త. మా దగ్గర బాగా నడిచే ఎత్తు ఒకటుంది: మనిషి వెళ్లిపోయాక డ్రాఫ్టు పంపరు. తర్వాత "తను చూడలేదు, సరే అనలేదు, షరతు తప్పింది" అని పేరు తీసేస్తారు. ఇది పసిగట్టే ఐసీఎంజేఈ వాళ్లు విడిగా ఒక మాట రాశారు. అర్హత ఉన్నవాళ్లకి అవకాశమే ఇవ్వకుండా ఈ షరతుల్ని సాకుగా వాడకూడదని.

సుద్దముక్క
@వార్డుడాక్టరు దొరికిపోయాను. ఆ అమ్మాయికి ఇంకా డ్రాఫ్టు పంపలేదు. దురుద్దేశం లేదు, తను ఉద్యోగంలో ఉంది కదా ఎందుకు విసిగించడం అనుకున్నాను.

మూడోపేరు
"ఎందుకు విసిగించడం" అనే మాట ప్రతి గైడు నోటా విన్నాను సార్. మమ్మల్ని విసిగించండి. దయచేసి విసిగించండి.

పాతకాపు
ఇంతసేపూ ఒక్కవైపే వింటున్నా. 30 ఏళ్లుగా ల్యాబ్ నడుపుతున్నాను. విద్యార్థి రెండేళ్లుండి పోతాడు. వాడు రాకముందు ఎనిమిదేళ్లు ఆ ప్రశ్నతో కుస్తీ పట్టి, మూడుసార్లు గ్రాంటు తిరస్కరించబడి, పనికిరాని దారులన్నీ చూసి మూసింది నేను. రేపు పేపరులో తప్పని తేలితే మచ్చ పడేది నాకు. బావి తవ్వినవాడిని వదిలేసి నీళ్లు తోడినవాడికి దండలేస్తామంటే ఎలా?

థీసిస్_ఏడో_ఏడు
@పాతకాపు తవ్వింది కూడా మేమే సార్. మీరు ఎక్కడ తవ్వాలో చూపించారు.

పాతకాపు
ఎక్కడ తవ్వాలో తెలియడమే నాయనా అసలు విద్య. తవ్వడం గడ్డపార ఉంటే ఎవరైనా తవ్వుతారు.

నక్షత్రకుడు
@పాతకాపు కొన్నిసార్లు గడ్డపార పట్టినవాళ్లకే అక్కడ ఏదో ఉందని కనిపిస్తుంది సార్. 1967లో జోసెలిన్ బెల్ పీహెచ్‌డీ విద్యార్థిని. ఆ రేడియో టెలిస్కోపు కట్టడంలో తనూ చెయ్యి వేసింది, దాన్నుంచి వచ్చే చార్టు కాగితాలన్నీ తనే చదివేది. వందల అడుగుల కాగితంలో ఓ చిన్న పిచ్చిగీత చూసి, ఇది మామూలు అడ్డంకి కాదని పట్టుకుంది. అదే మొదటి పల్సర్, అంటే గిర్రున తిరుగుతూ లెక్క తప్పకుండా రేడియో తరంగాలు పంపే నక్షత్రం. గైడు హ్యూయిష్ మొదట నమ్మలేదు, మనుషులు చేసిన సిగ్నలేమో అన్నాడు. 1968 నాటి పేపరులో ఐదు పేర్లు, మొదటిది ఆయనది, రెండోది ఆమెది. 1974లో నోబెల్ హ్యూయిష్‌కీ మార్టిన్ రైల్‌కీ వచ్చింది. ఆమెకి రాలేదు.

పాతకాపు
ఆ కథ నాకూ తెలుసు. సగం చెప్పి ఆపకు. విద్యార్థులకి నోబెల్ ఇస్తే దాని విలువ తగ్గుతుంది, మరీ అసాధారణమైతే తప్ప, తనది అలాంటిది కాదని ఆమే అన్నది.

నక్షత్రకుడు
అన్నారు. 2018లో 30 లక్షల డాలర్ల బ్రేక్‌త్రూ బహుమతి వస్తే, మొత్తం తీసుకెళ్లి భౌతికశాస్త్రంలో అవకాశాలు అందని పీహెచ్‌డీ విద్యార్థుల స్కాలర్‌షిప్పులకి ఇచ్చేశారు కూడా. ఆవిడ పెద్దమనసు ఆవిడది. దాన్ని మీరు రసీదుగా చూపిస్తే ఎలా?

రెండో_రివ్యూయర్
@నక్షత్రకుడు నీ హ్యాండిల్ ఇవాళ సార్థకమైంది. హరిశ్చంద్రుణ్ణి వదిలి పాతకాపు గారి వెంటపడ్డావు.

బొట్టుబొట్టు
1910లో "మీ ఇష్టం సార్" అన్న ఒకతని కథ నాకెప్పుడూ గుర్తొస్తుంది. ఎలక్ట్రాన్ ఆవేశం కొలిచిన నూనెచుక్కల ప్రయోగం మిలికన్ పేరుతో చదువుకున్నాం కదా. దానిమీద పనిచేసిన పరిశోధక విద్యార్థి హార్వే ఫ్లెచర్. మొత్తం పనిలోంచి కొన్ని పేపర్లు వచ్చేలా ఉన్నాయి. మిలికన్ స్వయంగా అతని ఇంటికొచ్చి కూర్చుని ఒప్పందం పెట్టాడు: థీసిస్‌కి వాడుకునే పేపరు మీద విద్యార్థి పేరొక్కటే ఉండాలి కాబట్టి బ్రౌనియన్ చలనం (గాలిలో సూక్ష్మ కణాల కుదుపులు) పేపరు నువ్వు ఒక్కడివే తీసుకో, ఎలక్ట్రాన్ ఆవేశం పేపరు నేనొక్కణ్ణే తీసుకుంటా. ఫ్లెచర్‌కి మనసు చివుక్కుమంది, అయినా సరే అన్నాడు. 1923లో మిలికన్‌కి నోబెల్ వచ్చింది. ఫ్లెచర్ ఈ సంగతంతా రాసిపెట్టి, తను పోయాకే అచ్చెయ్యమన్నాడు. 1982లో అచ్చయింది.

మిలికన్ మీద కోపం లేదనీ, తనకెంతో సాయం చేశాడనీ కూడా అందులో రాశాడు. నన్ను కలవరపెట్టేది అదే. దొంగతనం కాదది. కూర్చుని, మర్యాదగా, ఇద్దరూ ఒప్పుకుని చేసిన పంపకం. కాకపోతే వాటాలు వేసింది ఒక్కరే.

సుద్దముక్క
ఇది చదివాక కాసేపు ల్యాప్‌టాప్ మూసేశాను.

పేటెంటు_గుమాస్తా
నాలుగు వేరువేరు సంగతులు ఒకే మూట కడుతున్నారు. పేపరు మీద పేరు ఒకటి. కాపీరైటు ఇంకోటి. పేటెంటులో ఆవిష్కర్త పేరు ఇంకోటి. ఆ పేటెంటుకి సొంతదారు ఎవరన్నది మళ్లీ వేరు. పేపరులో మొహమాటానికో పేరు చేరిస్తే తప్పే, కానీ పేపరు నిలబడుతుంది. పేటెంటులో మొహమాటం కుదరదు, ఆవిష్కర్త పేరు తప్పయితే పేటెంటే చెల్లకుండా పోవచ్చు.

నేను చెప్పేవన్నీ అమెరికా తీర్పులు, మీ చోట చట్టం మీరు చూసుకోవాలి. గైడు తన ఒక్కడి పేరుతో తీసుకున్న పేటెంటు మీద పాత విద్యార్థిని షికాగో యూనివర్సిటీని కోర్టుకీడిస్తే, పేటెంటు హక్కులు యూనివర్సిటీకే రాసివ్వాల్సి ఉన్నా సరే, పేరు సరిదిద్దమని అడిగే హక్కు ఆమెకుందని 2001లో అప్పీలు కోర్టు తేల్చింది. 2011లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకీ రోష్ కంపెనీకీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు మాట: ఆవిష్కరణ మొదట కనిపెట్టిన మనిషిదే, ప్రభుత్వ గ్రాంటుతో చేశారు కదా అని దానంతటదే యూనివర్సిటీది అయిపోదు, రాసిస్తేనే అవుతుంది. "గ్రాంటు నేను తెచ్చాను" అనేవాళ్లు ఈ ముక్క ఒకసారి మననం చేసుకోవాలి.

మీ సంగతికొస్తే, నియమాలు రాసిన అమ్మాయిది రచన, దానికి కాపీరైటు ఉంటుంది. కోడ్ రాసిన అబ్బాయి జీతం మీద రాశాడా, కోర్సు మార్కుల కోసం రాశాడా? జీతమైతే యజమానికి పోవచ్చు, కోర్సు కోసమైతే మామూలుగా అతనిదే. పాపం లేబుల్స్ పెట్టిన ఇద్దరి పరిస్థితే కష్టం. 1991లో ఫైస్ట్ కేసని ఒకటి, టెలిఫోన్ డైరెక్టరీ గొడవ. ఎంత చెమటోడ్చి పోగేసినా, అందులో కొత్తగా అల్లింది ఏమీ లేకపోతే కాపీరైటు రాదన్నారు. యూరప్‌లో 1996 నుంచి డేటాబేసులకి వేరే హక్కుంది, కానీ అది పెట్టుబడి పెట్టినవాడిది, కూర్చుని లేబుల్ పెట్టినవాడిది కాదు. చట్టాన్ని అడిగితే ఆ ఇద్దరికీ దక్కేది సున్నా.

మూడోపేరు
చెమటకి కాపీరైటు లేదు. థీసిస్ మొదటి పేజీలో రాసుకుంటా.

బొట్టుబొట్టు
@పేటెంటు_గుమాస్తా స్ట్రెప్టోమైసిన్ సంగతి చెప్పలేదేం? అదే, క్షయకి వాడే యాంటీబయాటిక్.

పేటెంటు_గుమాస్తా
దానికి వేరే పోస్టు కావాలి. క్లుప్తంగా: 1943లో దాన్ని వేరుచేసింది ఆల్బర్ట్ షాట్జ్ అనే పీహెచ్‌డీ విద్యార్థి, గైడు వాక్స్‌మన్. 1944 పేపరులో షాట్జ్‌దే మొదటి పేరు, పేటెంటు మీద కూడా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. గైడుకి విడిగా రాయల్టీ వెళ్తోందని తర్వాతెప్పుడో తెలిసి 1950లో కోర్టుకెక్కాడు. రాజీలో సహ ఆవిష్కర్తగా ఒప్పుకుని 3 శాతం రాయల్టీ ఇచ్చారు, వాక్స్‌మన్‌కి 10 శాతం. 1952 నోబెల్ మాత్రం వాక్స్‌మన్‌ ఒక్కడికే. ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టేది మూడో మనిషి. ఆ 1944 పేపరులో రెండో పేరు ఎలిజబెత్ బ్యూజీ. పేటెంటులో ఆమె లేదు. ఆమె కోర్టుకీ వెళ్లలేదు.

కమిటీలో_కుర్చీ
పరిశోధనలో పాల్గొనేవాళ్ల సమ్మతి పత్రాలు చూసే కమిటీలో పనిచేస్తాను. సుద్దముక్క అడిగిన అసలు ప్రశ్న పక్కకి పోయింది. చట్టం ఏమంటుందని కాదు, "మీ ఇష్టం" అంటే సమ్మతేనా అని కదా?

కాదు. మనుషుల మీద చేసే పరిశోధనల్లో నీతి గురించి అమెరికాలో వచ్చిన 1979 నాటి బెల్‌మాంట్ నివేదిక నుంచీ మేం పట్టుకుని వేలాడేది ఇదే. పైస్థానంలో ఉన్నవాడు అడిగినప్పుడు బెదిరింపు ఉండక్కర్లేదు, అడగడంలోనే బరువుంటుంది. అందుకే ఒక టీచరు తన క్లాసు పిల్లల మీదే అధ్యయనం చేస్తానంటే మేం రెండు షరతులు పెడతాం. అడిగేది ఆ టీచరు కాకుండా వేరేవాళ్లయి ఉండాలి. ఎవరు ఒప్పుకున్నారో మార్కులు ఇచ్చేశాకే టీచరుకి తెలియాలి. మీరూ అదే చెయ్యండి. ముందు లెటర్లు పంపేయండి. థీసిస్ మార్కులు వేరేవాళ్లతో వేయించండి. ఆ తర్వాత మీరు కాకుండా ఇంకొకరు అడగాలి.

లెక్కలపంతులు
పేరు లేకుండా చీటీ రాసివ్వమంటే పోలా?

రెండో_రివ్యూయర్
@లెక్కలపంతులు ఉన్నదే ముగ్గురు. పైగా చేతిరాత గుర్తుపట్టే ప్రోగ్రాము ఆయన దగ్గరే ఉంది.

గోడకవతల
నాది తిరగబడ్డ కథ. నా విద్యార్థి ఉమ్మడి డేటా మొత్తం తీసుకెళ్లి, కొత్త చోట చేరి, తన ఒక్కడి పేరుతో వేసుకున్నాడు. నాతోపాటు పనిచేసిన ఇంకో ఇద్దరు పిల్లలకి అన్యాయం జరిగింది. అధికారం ఎప్పుడూ గైడు చేతిలోనే ఉంటుందనుకోకండి.

మూడోపేరు
@గోడకవతల అతను చేసింది ముమ్మాటికీ తప్పు. కానీ మీరు ఫిర్యాదు చేశారా? విన్నారా?

గోడకవతల
చేశాను. విన్నారు. పేపరు సరిదిద్దారు.

మూడోపేరు
నేను పత్రిక ఎడిటర్‌కి రాశాను. రచయితల తగువులు మేం తీర్చం, మీ సంస్థలో తేల్చుకోండి అన్నారు. పత్రికలకి అదే మార్గదర్శకమట, సరే. మా సంస్థలో ఆ కమిటీకి అధ్యక్షుడు ఎవరో చెప్పుకోండి చూద్దాం.

థీసిస్_ఏడో_ఏడు
రెండో పేరాయన?

మూడోపేరు
మొదటి పేరాయన.

పాతకాపు
@మూడోపేరు ఇది మటుకు దారుణం తల్లీ. ఇందాకటి నా మాటలు ఇలాంటివాళ్లని వెనకేసుకురావడానికి అన్నవి కావు. థీసిస్‌లోంచి వచ్చిన పేపరుకి విద్యార్థే మొదటి పేరు, అరుదైన సందర్భాల్లో తప్ప. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమావళిలో ఆ ముక్క రాసే ఉంది, నేనూ అదే పాటిస్తాను. నేను వాదించేది ఏళ్ల తరబడి సాగే ల్యాబ్ పని గురించి. బాంటింగ్ ఇన్సులిన్‌కి నోబెల్ వచ్చినప్పుడు, తనతో పనిచేసిన కుర్రాడు బెస్ట్‌ని వదిలేశారని కోప్పడి తన వాటా డబ్బులో సగం ఇచ్చేశాడు. అలాంటివాళ్లూ ఉన్నారు.

బొట్టుబొట్టు
ఉన్నారు. కాకపోతే అక్కడా ఇవ్వాలా వద్దా అన్నది బాంటింగ్ చేతిలోనే ఉంది.

సుద్దముక్క
కొత్త సంగతి. వెళ్లిపోయిన అమ్మాయికి డ్రాఫ్టు పంపాను, కంపెనీ సంగతి కూడా రాశాను. రెండు గంటల్లో జవాబు వచ్చింది. ముందు నియమాల విభాగంలో నేను చేసిన రెండు తప్పులు దిద్దింది. తర్వాత ఇది: "సార్, ఈ డేటా అమ్మడానికి వీల్లేదు. కాగితాలు ఇచ్చినవాళ్లకి చదువుకోవడానికే తప్ప అమ్మం అని మాటిచ్చాను. అప్పట్లోనే మీకు మెయిల్ పెట్టాను, చూడండి."

చూశాను. ఉంది. కింద నా జవాబు కూడా ఉంది: "సరే అమ్మా." చదవకుండా పెట్టిన సరే.

కమిటీలో_కుర్చీ
అమ్ముంటే పెద్ద చిక్కులో పడేవారు. ఒకటి అడగనా? ఈ మాట ఆ ముగ్గురికీ తెలుసా?

సుద్దముక్క
తెలుసు. ముగ్గురికీ తెలుసు. అయినా మీ ఇష్టం అన్నారు.

నక్షత్రకుడు
ఆ అమ్మాయికి మీ లెటరు అక్కర్లేదు కదా.

సుద్దముక్క
@నక్షత్రకుడు ఆ మాటే తిరుగుతోంది బుర్రలో.

వార్డుడాక్టరు
పనులు పంచి రాయడానికి క్రెడిట్ అని ఒక పట్టిక ఉంది, 14 పాత్రలు. డేటా చూసుకోవడం, సాఫ్ట్‌వేర్, డబ్బు తేవడం, మొదటి డ్రాఫ్టు రాయడం, ఇలా. ఎవరి పాత్రలు వాళ్లనే నింపమనండి, మీరు నింపకండి. పేరు ఎవరికి దక్కాలో అది చెప్పదు, ఎవరేం చేశారో నలుగురికీ కనపడుతుంది, అంతే. లేబుల్స్ పెట్టినవాళ్లకి డ్రాఫ్టు దిద్దే అవకాశం కూడా ఇవ్వండి. లేకపోతే రెండో షరతు దగ్గర ఆగిపోతారు.

పాతకాపు
ఒకరి ఖానా ఒకరు చూడకుండా నింపమను. పోల్చి చూస్తే ముచ్చట తెలుస్తుంది. నేనొకసారి చేశాను, అందరి శాతాలూ కూడితే 240 వచ్చింది. అందులో నావే 90.

సుద్దముక్క
పది రోజుల తర్వాత వస్తున్నా. లెటర్లు పంపేశాను, థీసిస్ మూల్యాంకనం వేరే విభాగానికి మార్పించాను. కంపెనీకి కుదరదని రాశాను. ముగ్గుర్నీ నా బదులు ఒక కొలీగ్ అడిగారు ("ఒప్పుకున్నారు కదా" అన్న ఆయన కాదు, వేరే ఆవిడ).

కోడ్ అబ్బాయి రిపాజిటరీ (నెట్‌లో కోడ్ ఉంచే చోటు) నా అకౌంటులోంచి తీసి తనదాంట్లో పెట్టమన్నాడు, ఓపెన్ లైసెన్సుతో. ఇన్నాళ్లూ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో "నేనే రాశాను" అంటే నమ్మట్లేదట. లేబుల్స్ పెట్టిన ఇద్దరిలో ఒకమ్మాయి నియమాలు రాసిన అమ్మాయిదే మొదటి పేరు ఉండాలంది. రెండో అతను అసలు తన పేరే వద్దన్నాడు. ఎందుకని అడిగితే, ఆఖరి 2,000 చిత్రాలకి లేబుల్స్ డెడ్‌లైన్ ముందురోజు రాత్రి సరిగ్గా చూడకుండా పెట్టేశాడట. ఎవరైనా అడిగితే జవాబు చెప్పలేను అన్నాడు. ఆ డెడ్‌లైన్ నేను పెట్టిందే. అప్పుడూ అడిగాను, అవుతుందా అని. "మీరెలా అంటే అలా సార్" అన్నాడు.

పేపరు ఆపాను. ఆ 2,000 మళ్లీ పెడుతున్నాం, 500 నా వంతు. 60 అయ్యేసరికి కళ్లు పోయాయి.

థీసిస్_ఏడో_ఏడు
@సుద్దముక్క 12,000 సార్. మీరు 60.

మూడోపేరు
ఆ కొలీగ్ వాళ్లని అడగడానికి వాడిన ప్రశ్నల కాగితం ఉంటే, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టగలరా? మా జూనియర్లకి కావాలి.

సుద్దముక్క
పెడతాను, సోమవారం దాకా ఆగండి. ముందు వాళ్లని అడగాలి. అందులో సగం ప్రశ్నలు వాళ్లు రాసినవే.